నూట పన్నెండు తల్లులు

తోడుపట్టీ నా మణికట్టుకు కట్టే ముందు డాక్టరమ్మ నన్ను రెండు సంగతులు అడిగింది. గుండె జబ్బు ఏమైనా ఉందా అని ఒకటి. దేనికి భయపడతారని రెండోది. మొదటిదానికి లేదన్నాను. రెండోదానికి, గట్టు లేని బావులంటే భయమని చెప్పాను. ఆమె అది రాసుకుంది. పట్టీ కట్టుకున్నాక నా ఒంట్లోకి వచ్చే భయంలో నాది ఎంత, కుక్కది ఎంత అని విడదీయడానికి అది పనికొస్తుందట.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ రోజు నన్ను పట్టుకున్న భయం బావుల గురించి కాదు. షెడ్డు మూతపడుతుందేమోనని. మూతపడితే అందులోని నూట పన్నెండు తల్లికుక్కలు ఏమవుతాయో ఎవరూ చెప్పడం లేదు. కొండల అవతల ఇట్లాంటిదే ఒకటి మూసేసినప్పుడు, ఈతలు అయిపోయిన ముసలివాటిని తీసుకుపోయేవాళ్లు లేక సూది వేసి చంపేశారని, నాతో పనిచేసే రెడ్డెప్ప ఎక్కడో విని వచ్చి చెప్పాడు. అప్పటి నుంచి నాకు కడుపు నిండా తిండి లేదు.

మా షెడ్డు మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, టమోటా తోటలు దాటాక ఒక గుట్ట పక్కన ఉంటుంది. ఒకప్పుడు అది కోళ్ల షెడ్డు. యజమాని చెంగల్రాయుడు కోళ్లకు తెగులు తగిలి నష్టపోయాక, అదే షెడ్డులో అడ్డుగోడలు కట్టించి కుక్కలను తెచ్చాడు. లాబ్రడార్లు, బీగిల్లు, పగ్గులు. పిల్లలు బెంగళూరుకూ హైదరాబాదుకూ పోయేవి. నేను మొదటి రోజు నుంచీ ఉన్నాను. పదకొండేళ్లు. గదుల మీది పలకలు చదవడం కోసమే మా అమ్మాయి రేణుక దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. ఏ తల్లికి ఏ మందో తప్పిపోకూడదు కదా. డయానా అని పలక మీద ఉన్న లాబ్రడారును నేను దయమ్మా అని పిలిచేదాన్ని. అది దానికే పలికేది.

చెంగల్రాయుడు చెడ్డవాడు కాడు. ఈ మాట మొదటే చెప్పాలి. ఏడాదిన్నర నిండనిదే ఏ కుక్కనూ కట్టించేవాడు కాదు. ఒక్కోదానికి నాలుగు ఈతలే. తల్లీ తండ్రీ తుంటి ఎముకలు, కళ్లు పరీక్ష చేయించిన కాగితాలు లేకుండా పిల్లను అమ్మడు. కొన్నవాళ్లు సాకలేకపోతే ఎన్నేళ్లకైనా వెనక్కి తీసుకుంటాడు. అట్లా వచ్చినవి నాలుగు కుక్కలు ఇప్పటికీ ఆయన ఇంటి వసారాలోనే ఉన్నాయి. యాభైకి మించి తల్లులను పెట్టుకున్న వాళ్లందరికీ ఈ పట్టీ పరీక్ష తప్పదని ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినప్పుడు ఆయన భయపడలేదు. తన దగ్గర ఏముంది దాచిపెట్టడానికి అన్నాడు.

భయపడింది నేనే.

మొదటి రోజు పట్టీని ఆయనే ముందు కట్టుకుంటానన్నాడు. అది వాచీ బెల్టులా ఉంది. ఒకటి కుక్క మెడకు, దాని జత మనిషి మణికట్టుకు. డాక్టరమ్మ నిలోఫర్, దయమ్మ మెడకు ఒకటి చుట్టి, రెండోది ఆయన చేతికి బిగించింది. దయమ్మ అప్పుడే పాలిచ్చి పడుకుని ఉంది. ఆయన కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. ఏమీ తెలియడం లేదన్నాడు. చెయ్యి కాస్త చిమచిమలాడుతోందంతే. చూసినారా, దానికి ఏ బాధా లేదు అని నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "బాధ లేక కాదండీ. దాని ఒంటికి మీరు తెలియదు. ఏళ్ల తరబడి పక్కన మెలిగిన మనిషికే ఇది పలుకుతుంది" అంది.

ఆయన పట్టీ విప్పుకుని ఇచ్చేశాడు. ఆ తర్వాత చాలాసేపు ఎవరి ముఖమూ చూడలేదు.

నాకు కట్టింది. కట్టిన కొంతసేపటికి నా వీపు మీద ఎండ పడినట్టయింది. మేము నీడలోనే ఉన్నాం. నా ఊపిరి దానంతటదే నిదానించింది. కాళ్లు బరువెక్కాయి. ఎవరో నా పొట్టను ఆరుచోట్ల మెత్తగా పట్టుకుని లాగుతున్నట్టుంది. దయమ్మ పిల్లలు నిద్రలో కూడా చప్పరిస్తున్నాయి. నేను గోడకు చేరగిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. దుఃఖంతో కాదు. అంత నెమ్మది నా ఒంటికి ఎప్పుడూ తెలియదు.

ఆ రోజు పది కుక్కలను చూశాం. ఒకదానికి పంటినొప్పి ఉందని నా దవడ చెప్పింది. ఒకదానికి ఆకలి, నాకు నోట్లో నీళ్లూరాయి. రెడ్డెప్ప బకెట్టు పట్టుకుని దూరంగా నిలబడి, "మొరగాలనిపిస్తే ముందే చెప్పు సిద్ధమ్మా, గొలుసు తెస్తా" అన్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వింది. సాయంత్రం ఆమె చెంగల్రాయుడితో, ఇంతవరకూ బాగుందనీ, రేపు ఒక్కరోజు ఉందనీ చెప్పింది. రేపు అన్ని తల్లులకూ పట్టీలు వేసి, పొద్దున తిండి పెట్టే వేళ నా ఒక్క పట్టీతో అన్నింటినీ కలుపుతారు. మామూలు రోజు ఎట్లా గడుస్తుందో అట్లాగే గడవాలి. ఏదీ కొత్తగా చేయకూడదు.

ఆ మాట నేను విన్నాను. విని కూడా తప్పు చేశాను.

ఇంటికి వచ్చేసరికి రేణుక పసిదాన్ని ఉయ్యాలలో ఊపుతోంది. మూడు నెలల పిల్ల. రేణుక టమోటా మార్కెట్టులో వేలం చీటీలు రాసేది. పిల్ల పుట్టాక ఇంట్లోనే ఉంది. పరీక్ష బాగా జరిగిందని చెబితే సంతోషించింది కానీ, నీ ముఖం ఎందుకట్లా ఉందని అడిగింది. రేపటి సంగతి చెప్పాను. ఒక్క కుక్క అయితే నెమ్మది. నూట పన్నెండు ఒక్కసారే ఒంట్లోకి వస్తే? వాటిలో ఏ ఒక్కటి బెదిరినా? కూడబలుక్కుంటూ చదివినా ఆ ఉత్తర్వులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చింది. భయం హద్దు మీరినట్టు తేలిన చోట అనుమతి రద్దు.

అందుకని తెల్లవారక ముందే లేచి, వాటిని సంతోషపెట్టాలని బెల్లమన్నం వండాలనుకున్నాను.

ఇది ఎందుకో చెప్పాలి. మా వైపు ఇంటి నుంచి ఆవునో దూడనో పంపేటప్పుడు దాని నోటికి బెల్లం పెట్టి పంపుతారు. మా అత్త చేసేది, నేనూ చేసేదాన్ని. షెడ్డులో పిల్లలను పంపే రోజు వచ్చినప్పుడల్లా తల్లికి అట్లా చేయకపోతే నాకు మనసొప్పేది కాదు. వేడన్నంలో బెల్లం కలిపి ఒక ముద్ద తల్లి ముందు పెడతాను. అది తింటూ ఉండగా వెనక నుంచి పిల్లలను బుట్టలోకి తీసుకుంటాను. ఏడవకుండా, ఎగబడకుండా పని అయిపోయేది. మందుల డాక్టరు కుక్కలకు తీపి వద్దనేవాడు. ఒక్క ముద్దే కదా అనేదాన్ని. తల్లి నోరు తీపి చేసి పంపుతున్నానన్న తృప్తి నాకు.

ఆ రోజు పెద్ద గుండిగలో వండాను. నూట పన్నెండింటికీ తలా ఒక ముద్ద. మామూలు తిండి పెట్టే ముందు ఇది పెడితే అన్నీ తోకలు ఊపుతాయి, నా ఒంట్లో పండగలా ఉంటుంది, డాక్టరమ్మ రాసుకుంటుంది అనుకున్నాను. బెల్లం కరిగి ఆ వాసన షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు నిండిపోయింది.

ఎనిమిది గంటలకు పట్టీ కట్టారు. డాక్టరమ్మ నా పక్కన కుర్చీ వేసుకుంది. చెంగల్రాయుడు గేటు దగ్గర ఉన్నాడు. నేను గరిటె పట్టుకుని మొదటి గది దగ్గరకు నడిచాను.

ముందు నాకు తెలిసింది చప్పుడు లేకపోవడం. పొద్దున తిండి వేళ షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆ రోజు నా చెప్పుల చప్పుడు నాకే వినబడింది. మొదటి గదిలో బీగిల్ వెనక గోడకు అతుక్కుపోయి ఉంది. రెండో గదిలో తల్లి పిల్లల మీద పడుకుని, వాటిని పూర్తిగా కప్పేసింది. మూడో గదిలో ఉన్నది ఈని ఎనిమిది నెలలైంది. దానికి పిల్లలు లేవు. అది గోనెపట్టా ఎత్తి చూస్తోంది. పట్టా కింద లేవని మూల తవ్వుతోంది. మళ్లీ వచ్చి పట్టా ఎత్తి చూస్తోంది. నాలుగో గదిలోనూ అంతే. ఐదో గదిలోనూ. లేని పిల్లల కోసం అన్నీ వెతుకుతున్నాయి.

అప్పుడు వచ్చింది. దాన్ని నేను సరిగా చెప్పలేను. నోరు ఎండిపోయింది. ముప్పై ఏళ్ల కిందట ఎండిన రొమ్ముల్లో పాలు చేపినట్టు నొప్పి. చేతుల్లో ఏదో ఉండాలి, లేదు. ఎవరో వస్తున్నారు. వచ్చి తీసుకుపోతారు. ఆ వచ్చేది ఎవరని నా తల తిరిగి తిరిగి వెతికింది. గరిటె పట్టుకున్న నా కుడిచెయ్యి కనబడింది. దాని మీద బెల్లం వాసన. నా చేతిని చూసి నేను కేకపెట్టాను. గరిటె పడిపోయింది. చెయ్యి మాత్రం పోలేదు, నాతోనే ఉంది. దాన్నుంచి తప్పించుకోవడానికి వెనక్కి వెనక్కి పాకి దాణా డ్రమ్ముల సందులో దూరాను. అక్కడ నేల తవ్వానట. నా గోళ్లు రెండు విరిగాయి.

రెడ్డెప్ప నన్ను పట్టుకుంటే డాక్టరమ్మ పట్టీ విప్పింది. విప్పినా తగ్గలేదు. ఒళ్లు మరిచిపోవడానికి కొన్నాళ్లు పడుతుందని చెప్పి, నా తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి నెమ్మదిగా అడిగింది.

"ఇవాళ ఏం వండారమ్మా?"

"బెల్లమన్నం."

"ఎప్పుడెప్పుడు పెడతారు అది?"

చెబుతున్నాను. పిల్లలను పంపే రోజు పెడతానని చెబుతూ ఉండగానే మధ్యలో నా మాట ఆగిపోయింది. గేటు దగ్గర నుంచి వచ్చి నిలబడ్డ చెంగల్రాయుడు అంతా విన్నాడు.

పరీక్షలో చివరి పని కాగితం. పట్టీ కట్టుకున్న మనిషే తన చేత్తో రాయాలి. ఒకటే ప్రశ్న. ఈ పెంపకందారు బాధ్యత గలవాడా? అవును, కాదు అని రెండు గళ్లు. కింద, కారణం మీ మాటల్లో అని ఖాళీ జాగా. మూడు రోజులు గడువు.

ఆ మూడు రోజులు నేను అన్నం నా చేత్తో తినలేకపోయాను. ముద్ద నోటి దగ్గరకు వస్తుంటే మెడ దానంతటదే వెనక్కి పోయేది. రేణుక చెంచాతో పెట్టింది. దానికి నవ్వు రాలేదు, నాకూ రాలేదు. రెండోరోజు మధ్యాహ్నం పసిదాన్ని స్నానానికి ఎత్తుకోబోయాను. రోజూ చేసే పనే. రేణుక ఒడిలో నుంచి దాన్ని పైకి లేపాను. నా చేతులు ఎవరో వేరే మనిషివి. అవి రేణుక బిడ్డను తీసుకుపోతున్నాయి. నేను చూస్తున్నాను. బిడ్డను ఒడిలో పడేసినంత పని చేసి గోడ దాకా వెళ్లి కూర్చున్నాను. రేణుక బిడ్డను రొమ్ముకు అదుముకుని నన్నే చూసింది. ఆ చూపులో ఒక్క క్షణం నా పట్ల భయం కనబడింది. కన్నకూతురి కళ్లలో. అది తర్వాత కాదంది కానీ నేను చూశాను.

ఆ సాయంత్రమే చెంగల్రాయుడు వచ్చాడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి నేల మీదే కూర్చున్నాడు. ఎట్లా ఉందని అడిగాడు. రెండు రోజుల్లో ఆయన ముఖం పీక్కుపోయింది.

"నేను ఏ కుక్కనన్నా కొడితినా అక్కా?"

"లేదయ్యా."

"ఆకలికి మాడ్చినానా? జబ్బు చేస్తే చూడకుండా వదిలేస్తినా?"

లేదన్నాను. అది నిజం.

అయితే ఒక మాట రాయమన్నాడు. తెలియక బెల్లం పెట్టినాననీ, దానివల్లే అవి బెదిరినాయనీ రాస్తే చాలు. డాక్టరమ్మే చెప్పిందట, తెలియక చేసినదానికి పనివాళ్ల మీద ఏ కేసూ ఉండదని. ఇంక ఆ షెడ్డులోకి బెల్లం రానీయకపోతే సరిపోతుంది. షెడ్డు నిలబడుతుంది. కుక్కలూ బతుకుతాయి. మూతపడితే వాటిని ఏం చేస్తారో నీకు తెలియంది కాదు అన్నాడు. బెదిరించి అన్నది కాదు. ఆయనకూ ఆ భయమే ఉంది.

నేను ఒప్పుకుని ఉండేదాన్ని. అంత తేలికైన దారి చూపించాడు. అయితే రెండు రోజులుగా నా తలలో ఒకటే తిరుగుతోంది. ఒక్కో తల్లి ఏడాదికి ఒకసారి ఈనుతుంది. దాని పిల్లలు దానికి ఏడాదికి ఒకసారే దూరమవుతాయి. ఏదో ఇంట్లో రెండు కుక్కలుంటే అంతటితో పోయేది. ఏడ్చేది, మరిచేది. మా షెడ్డులో నూట పన్నెండున్నాయి. మూడు రోజులకొకసారి ఎవరివో పిల్లలు పోతాయి. మూడు రోజులకొకసారి ఆ వాసన షెడ్డంతా నిండుతుంది. ఇవాళ ఎవరి వంతో ఏ తల్లికీ తెలియదు. పిల్లలున్నది కప్పుకుంటుంది, లేనిది వెతుక్కుంటుంది. నేను తోకల వైపు చూడకుండా ముద్ద వైపు చూసుకుంటూ పోయాను. నాకు ఒక్కో గదికి నాలుగైదు నిమిషాల కంటే ఎప్పుడూ చిక్కలేదు.

బెల్లం మానేస్తే? బుట్ట చప్పుడు ఉంది. ఆ రోజు వచ్చే బండి హారను ఉంది. నా నడక ఉంది. అన్ని సార్లు జరిగేదానికి ఏదో ఒకటి గుర్తు కాకుండా పోదు.

ఆయనను అడిగాను. "పదకొండేండ్లుగా ఆ వాసన వస్తానే ఉండాది కదయ్యా. గేటు దాకా వస్తాది. ఎందుకని ఒక్కనాడన్నా అడిగినారా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"నీకు అప్పజెప్పినాను కదక్కా. ఇంక అడిగేదేముండాది?"

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నేనూ అట్లాగే అనుకున్నాను. కాగితాలు ఆయన చూసుకుంటాడు, కుక్కలు నేను చూసుకుంటాను అనుకున్నాను. ఆయన నాకు అప్పజెప్పాడు, నేను ఒక ముద్ద బెల్లానికి అప్పజెప్పాను. ఆ నూట పన్నెండింటిలో ఒక్కదాన్ని కూడా, ఒక్క రోజంతా, ఎవరం చూడలేదు.

ఆయన వెళ్లిపోయేటప్పుడు గుమ్మంలో ఆగి, నీ ఇష్టం అన్నాడు. చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

మూడోరోజు పొద్దున రేణుకను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం ముందు పెట్టుకున్నాను. పెన్ను పట్టుకున్న చెయ్యి నాదే అయినా దాన్ని చూడకుండా రాయలేను కదా. రాసిన ప్రతి అక్షరానికీ చెమట పట్టింది. కాదు అన్న గడిలో గీత గీశాను. కింద ఇట్లా రాశాను. ఆయన మంచివాడు. కొట్టలేదు, మాడ్చలేదు. బెల్లం పెట్టింది నేను. ఆ తప్పు నాది. కానీ బెల్లం భయంగా మారింది నూట పన్నెండు ఉన్నందువల్ల. అన్నింటిని తెచ్చిపెట్టుకున్నవాడు అన్నింటి భయాన్నీ తెలుసుకోవాలి. తెలుసుకోలేనన్ని పెట్టుకోకూడదు. ఆయన తెలుసుకోలేదు. నేనూ తెలుసుకోలేదు. వాటికి సూది వేయవద్దు.

చివరి వాక్యం ప్రశ్నలో లేదు. అయినా రాశాను. రాసి, కాగితం డాక్టరమ్మకు ఇచ్చి వచ్చాక, ఆ నూట పన్నెండింటినీ నా చేత్తో చంపుకున్నానేమోనన్న భయం పట్టుకుంది. ఇది పట్టీ ఇచ్చిన భయం కాదు. అది కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది, ఇది పెరిగింది. షెడ్డుకు పోవడం మానలేదు. బెల్లం తాకలేదు. గది ముందు నిలబడితే అవి వెనక గోడకు పోతాయి, నేను గిన్నె పెట్టి పక్కకు తప్పుకుంటాను. చెంగల్రాయుడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. ఆయన రోజూ వచ్చి గదుల ముందు నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో గది ముందు ఆగేవాడు. ఆయనను చూసి ఏ కుక్కా లేచేది కాదు, ఏ కుక్కా వెనక్కి పోయేది కాదు.

నెల తిరిగాక తీర్పు వచ్చింది. పదిహేను తల్లులకు మించి ఉండకూడదు. మిగతావాటిని ఏడాదిలోగా ఇళ్లకు పంపాలి. ఇల్లు దొరికేదాకా పోషణ భారం చెంగల్రాయుడిదే. పాలు తాగే పిల్లలున్న తల్లిని పిల్లలతో కలిపే పంపాలి. దేనికీ సూది వేయకూడదు. ఆ ఆఖరు వాక్యం కోసం మీరు రాసిన కాగితాన్నే చూపించానని డాక్టరమ్మ చెప్పింది.

అయితే వాటిని గదుల నుంచి బయటికి తెచ్చేది ఎవరు? ఇంకొకరి చేతికి రావు. మళ్లీ నేనే. తొంభై ఏడు సార్లు. ఇష్టం లేకపోతే మానుకోమని డాక్టరమ్మ అంది. మానుకుంటే గొలుసులు వేసి ఈడ్చాలి. చేస్తానన్నాను.

మొదట దయమ్మకు ఇల్లు దొరికింది. గుర్రంకొండ దగ్గర మామిడితోట కాపలా కాసే దంపతులు, తల్లినీ ఆరు పిల్లలనూ కలిపి తీసుకుంటామన్నారు. పిల్లలకు అప్పటికి యాభై రోజులు, ఇంకా పాలు విడవలేదు. వాళ్ల వ్యాను పొద్దున పదింటికి గేటు దగ్గరకు వచ్చింది. షెడ్డు నిశ్శబ్దమైపోయింది. బెల్లం లేదు, బుట్ట లేదు. బండి చప్పుడు చాలింది.

గది తలుపు తీశాను. దయమ్మ పిల్లల మీద పడుకుని నా వైపు చూసింది. ముందు పిల్లలను ఎత్తితే, ఇన్నేళ్లూ చేసిందే చేసినట్టు. ముందు తల్లిని తీసుకుపోతే, పిల్లలను విడిచి రాదు. నేను గడపలోనే కూర్చున్నాను. వ్యాను తోలే మనిషి ఎండ ఎక్కుతోందని రెండుసార్లు కేకేశాడు. రెడ్డెప్ప అతన్ని నోరు మూసుకోమన్నాడు. గంట గడిచింది. నా గుండె దాని గుండెలాగే కొట్టుకుంటోంది, పట్టీ లేకుండానే. చివరికి దాని మెడ కింద చెయ్యి వేసి, అది వణుకుతుండగా, నేనూ వణుకుతుండగా లేపాను. ఎదురు తిరగలేదు. తలవంచి నాతో నడిచింది. పదకొండేళ్లలో ఏ తల్లీ నాకు ఎదురు తిరగలేదని అప్పుడు తోచింది. అదే నాకు అన్నిటికంటే భయం వేసింది.

దాన్ని వ్యాను ఎక్కించి, తలుపు మూయవద్దని రెడ్డెప్పను అక్కడ నిలబెట్టి, వెనక్కి పరుగెత్తాను. అరవై దాటినదాన్ని. ఆరు పిల్లలనూ చీర కొంగులో పోసుకుని మళ్లీ పరుగెత్తాను. షెడ్డుకూ గేటుకూ మధ్య యాభై అడుగులు ఉంటాయేమో. అన్ని గదుల నుంచీ కళ్లు నన్నే చూస్తున్నాయి. నేను పిల్లలను ఎత్తుకుపోతున్న దృశ్యమే కదా వాటికి. నా చెప్పు తెగింది. వ్యాను తలుపు ఎవరైనా మూసేస్తారేమో, బండి కదులుతుందేమో, ఆ క్షణంలో లోపల దయమ్మ ఒంటరిగా ఉందని నా ఒళ్లంతా అరుస్తోంది.

తలుపు తెరిచే ఉంది. కొంగు విప్పి పిల్లలను దాని ముందు పోశాను. అది ఒక్కోదాన్నీ వాసన చూసింది. ముక్కుతో ఒకదాన్ని నెట్టి ఇంకొకదాన్ని చూసింది. ఆరూ అయ్యాక మళ్లీ మొదటినుంచి చూసింది. ఆరో పిల్ల అంచు దగ్గర ఉందని లోపలికి జరపడానికి నేను చెయ్యి చాచాను.

దయమ్మ తల ఎత్తి, పళ్లు బయటపెట్టి, నా చేతి మీదికి గుర్రుమంది.

రెడ్డెప్ప నన్ను వెనక్కి లాగాడు. వ్యాను మనిషి కరుస్తుందా అని అడిగాడు. నేను చేతిని నిదానంగా వెనక్కి తీసుకున్నాను. నెల రోజులకు పైగా గడిచాక మొదటిసారి నాకు భయం వేయలేదు.

"పిల్లల జోలికి పోతే కరుస్తాది" అని ఆ మనిషికి చెప్పాను. "పోవద్దు."